మిగిలినదాని తూకం

బస్సు డిపో క్యాంటీన్‌లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ నేను గ్రాములమ్మనే. నాలుగు వందల మంది డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు తినే చోట స్టోరు తాళాలు పదకొండేళ్లుగా నా దగ్గరున్నాయి. పొద్దున్నే బియ్యం, పప్పు, నూనె తూచి వంటవాళ్లకిస్తాను. మధ్యాహ్నం మూడింటికి గుండిగల్లో మిగిలింది మళ్లీ తూస్తాను. ఎంత మిగిలితే అందులో సగం మర్నాడు ఇచ్చే సరుకులోంచి కోసేస్తాను. నా విద్యంతా ఇంతే. కానీ దానివల్ల చెత్తకుండీలోకి పోయే తిండి మూడో వంతుకి తగ్గింది. పై ఆఫీసర్లు వచ్చినప్పుడు మేనేజరు నన్ను పిలిచి మరీ చూపించేవాడు.

పెద్ద వంటాయనకి మాత్రం నేనంటే పడదు.

"గ్రాములమ్మా, మిగిలిందంటే అక్కర్లేదనే కదా నీ లెక్క? మొన్న కూరలో ఉప్పెక్కువై మిగిలింది. దానికి నిన్న బియ్యం కోశావు. నిన్న కూర కుదిరింది. అన్నం చాలక జనం గరిటెలు నాకారు. వాళ్లకి నేనేం చెప్పుకోను?"

"ఉప్పు తగ్గించమని మీకు మీరే చెప్పుకోండి" అనేదాన్ని.

"నీతో పెట్టుకుంటే నా మెదడు కూడా తూచేస్తావు" అని గరిటె పట్టుకుని పోయేవాడు.

అప్పట్లో నవ్వొచ్చేది.

మా ఆయన పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులూ ఒక్క షిఫ్టుకి దిగాయి. ఆయన జీతం మూడో వంతైంది. మళ్లీ పెద్ద ఆర్డర్లు వచ్చేదాకా ఇంతేనన్నారు. ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేదు. ఇంటద్దె తగ్గదు, అమ్మాయి స్కూలు ఫీజు తగ్గదు, మా అత్తగారి షుగరు మాత్రలు తగ్గవు. చెయ్యి పెట్టి తగ్గించగలిగింది వంటిల్లొక్కటే.

ఆ వారమే మా బావగారు వచ్చారు. మా ఆయనకి అన్న. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని, నెమ్మదైన మనిషి. మాటకీ మాటకీ మధ్య ఒక బస్సు వెళ్లిపోయేంత ఖాళీ ఇస్తారు. టీ తాగి, కప్పు కింద పెట్టి, గోడకేసి చూస్తూ అన్నారు.

"అమ్మని కొన్నాళ్లు మా ఇంటికి తీసుకెళ్దామనుకుంటున్నా. మీకూ ఒక మనిషి తగ్గినట్టుంటుంది."

మా ఆయన తలొంచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ క్రితంసారి వాళ్లింటికి వెళ్లి పన్నెండు రోజులకే వచ్చేసింది. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. కొడుకూ కోడలూ పొద్దున పోతే పొద్దుగూకాక రావడం. "గోడలతో మాట్లాడీ మాట్లాడీ నాకు గోడల భాష వచ్చేసిందే" అని మాకు నవ్వుతూనే చెప్పింది కానీ, ఆ రోజంతా మనవరాలి పక్కనుంచి కదల్లేదు. నాకీ ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మాయికి ఎనిమిది నెలలు. పాలు తాగే పిల్లని వదిలి ఉద్యోగమేంటని నా కన్నతల్లే అంటే, "దాన్ని నాకొదిలి నువ్వెళ్లవే" అన్న మనిషి మా అత్తగారు.

"మా ఇంట్లో ఎవరూ ఎక్కువ లేరు బావగారూ" అన్నాను.

"పోనీ, నెలకో బస్తా బియ్యం, కాస్త నూనె పంపిస్తాను."

"వద్దండీ. మా పొయ్యి మీద మా గింజలు చాలు."

ఆయన లేచి చెప్పులేసుకున్నారు. "సరే. రెండు నెలలు చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే నేనొచ్చి తీసుకెళ్తా. అప్పుడు కాదనకూడదు."

"అలాగే" అన్నాను. నాలుగు వందల మందిని తూకం మీద నడిపేదాన్ని, నలుగుర్ని నడపలేనా అనుకున్నాను.

అత్తగారు లోపలి గదిలో ఉంది. తలుపు ఓరగా వేసుంది. కాసేపటికి ఇవతలకొచ్చి ఖాళీ కప్పులు తీసుకెళ్లింది.

క్యాంటీన్‌కి కరెంటు కాటా వచ్చాక పాత త్రాసు మూల పడేశారు. మేనేజర్ని అడిగి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. రెండు ఇత్తడి పళ్లేలు, వాటితోపాటు కిలో రాయి, అరకిలో రాయి, చిన్నవీ. వంటింటి గట్టు మీద పెట్టి, అలమర తలుపు లోపలివైపు సుద్దముక్కతో గళ్లు గీశాను. ఒక గడిలో వండింది, ఒక గడిలో మిగిలింది.

"ఏంటమ్మా, ఇంటికి కొట్టు తెచ్చావా?" అంది మా అమ్మాయి. పన్నెండేళ్లది. పిచ్చుకలా ఒక్కచోట నిలవదు కాబట్టి ఇంట్లో దాన్ని పిచ్చుకనే అంటాం.

"నువ్వు కొసరు అడక్కుండా ఉంటే చాలు" అన్నాను.

అన్నీ మొదలుపెట్టాను. కూరగాయలు పొద్దున కొనడం మానేసి, బళ్లవాళ్లు ఇంటికి పోబోయే వేళకి వెళ్లేదాన్ని. వాడిన బెండకాయ, ఒక పక్క మెత్తబడ్డ టమాటా సగం ధరకి వచ్చేవి. పాలు రోజుకో ప్యాకెట్టు తగ్గించాను. నూనె చెంచాతో కొలిచి వేసేదాన్ని. పిచ్చుక వస్తూ పోతూ చక్కెర డబ్బాలో వేలు పెడుతుందని, చక్కెర తీసి ఖాళీ అయిన సబ్బు పొడి డబ్బాలో పోసి గట్టు కింది అరలో వెనక్కి నెట్టాను. ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు. మా ఆయన ఫ్యాక్టరీకి వెళ్లేముందు తెల్లవారుజామునే మార్కెట్‌లో మూటలు దించడానికి పోవడం మొదలుపెట్టాడు.

ఇంకొకటి కూడా చేశాను. అది ఎవరికీ చెప్పలేదు. క్యాంటీన్‌లో పనిచేసేవాళ్లకి రోజుకో భోజనం కూపను ఇస్తారు. తినకుండా దాచి నెలాఖరుకి తిరిగిచ్చేస్తే వాటి విలువ జీతంలో కలుపుతారు. నేను తినడం మానేశాను. నాలుగు వందల మంది అన్నం మధ్య కూర్చుని ఒక బన్ను, రెండు టీలతో రోజు గడిపేదాన్ని. తాలింపు వాసన వస్తే స్టోరు తలుపేసుకునేదాన్ని.

సాయంత్రం ఏడింటికి నేను ఇల్లు చేరేసరికి ముగ్గురి భోజనాలూ అయిపోయేవి. క్యాంటీన్‌లో తింటున్నాను కదా అని చెప్పి ఇంటి గిన్నెలో నా వంతు వెయ్యడం మానేశాను. అత్తగారు మాత్ర వేసుకున్నాక ఆలస్యం చెయ్యకూడదు, పిచ్చుక చదువుకోవాలి, మా ఆయన వేళకి పడుకుంటే కానీ తెల్లవారి లేవలేడు.

మొదటి రోజే గిన్నెలో నూటయాభై గ్రాముల అన్నం మిగిలింది. తూచి, గడిలో రాసి, గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేశాను, పొద్దున మా ఆయన తినిపోతాడని.

"నువ్వు తినవే?" అంది అత్తగారు గడప దగ్గర నిలబడి.

"క్యాంటీన్‌లో సుష్టుగా తిన్నానత్తయ్యా. ఇంకా అరగలేదు."

ఆవిడ గిన్నెవైపు చూసింది, నావైపు చూసింది, వెళ్లిపోయింది.

మర్నాడు బియ్యం కాస్త తగ్గించాను. అయినా మిగిలింది. ఇంకాస్త తగ్గించాను. ఇంకా మిగిలింది. నాకు ఎంత సంతోషమో! "చూశారా, ఇన్నాళ్లూ మనింట్లో ఎంత తిండి దండగయ్యేదో!" అని మా ఆయనకి సుద్దగళ్లు చూపించాను.

"నా కంచంలో మెతుకు మిగలదమ్మా. అది మా వంశంలోనే లేదు" అన్నాడాయన ఆవలిస్తూ.

"మరి ఎవరు మిగులుస్తున్నారు?"

"గిన్నె పెద్దదేమోలే."

తొమ్మిది వందల గ్రాములతో మొదలుపెట్టిన బియ్యం నాలుగు వారాల్లో ఆరు వందల ఎనభైకి దిగింది. నెలాఖరుకి డబ్బాలో ఇంకా వారానికి సరిపడా బియ్యం ఉన్నాయి. అయినా నాకు భయంగానే ఉండేది. బస్సులో కూర్చుంటే పప్పు డబ్బా కళ్లముందు కనిపించేది. నూనె సీసా తలకిందులుగా కలలోకొచ్చేది. రెండో నెల ఫ్యాక్టరీ ఏమైనా అంటుందా, బావగారు ఏ రోజు వస్తారు, ఇవే లెక్కలు. ఈ లెక్కల్లో పడి కళ్లముందు జరిగేవి చూశాను కానీ చూడలేదు.

అత్తగారు ఉంగరానికి దారం చుట్టుకుంది. ఉంగరం అరిగిందేమో అనుకున్నాను. టీ కప్పు పట్టుకుంటే సాసరు టకటకలాడేది. వయసనుకున్నాను. ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి ఒకరోజు పిచ్చుక మీద కయ్యిమంది, గ్లాసు చప్పుడు చేసిందని. తర్వాత తనే దాన్ని దగ్గరికి తీసుకుని, "ఏంటోనే, పదకొండైతే చాలు, లోపల ఎవరో నన్ను గిలక్కొట్టినట్టుంటుంది" అంది. నేను పక్కనే ఉల్లిపాయలు తూస్తున్నాను. "కాసేపు పడుకోండత్తయ్యా" అన్నాను, ముల్లు మీంచి చూపు తిప్పకుండా.

ఇక్కడ నాకు అనుమానం రావలసింది. నాలుగు వందల మంది గుండిగే ఒక్కోరోజు అడుగంటుతుంది. మా ఇంటి గిన్నె మాత్రం, ఎంత తగ్గించి వండినా, ఏ ఒక్క పూటా ఖాళీ కాలేదు.

ఆ రోజు స్కూలుకి సెలవు. పదకొండు దాటింది. నేను స్టోరులో కందిపప్పు బస్తాకి కుట్టు విప్పుతున్నాను. ఫోను మోగింది. పిచ్చుక.

"అమ్మా, చక్కెర ఎక్కడ దాచావు?"

"ఇప్పుడు చక్కెరెందుకే? పొద్దున పాలల్లో వేశానా లేదా?"

"అమ్మా, ఎక్కడుందో చెప్పు!"

"చెప్పను. నేను ఇంట్లో లేనని చూసి..."

"నానమ్మ పడిపోయిందమ్మా!"

దారం నా వేలికి చుట్టుకుపోయి ఉంది. లాగితే తెగింది.

"ఒళ్లంతా చెమటలు. నన్ను గుర్తుపట్టట్లేదు. క్లినిక్‌కి ఫోన్ చేశా. మింగగలిగితే చక్కెర నీళ్లు వెంటనే పట్టి, తీసుకురమ్మన్నారు. అన్ని డబ్బాలూ వెతికేశా, ఎక్కడా లేదు!"

"గట్టు కింద. సబ్బు పొడి డబ్బా. నీలం మూత."

"సబ్బు పొడి కాదమ్మా, చక్కెర!"

"అందులో ఉన్నది చక్కెరేనే తల్లీ. నేనే పోశాను."

కింద ఏదో పడిన చప్పుడు. పిచ్చుక గొంతు ఏడుపులోకి దిగింది. "నీలం మూతవి రెండున్నాయి. రెండూ తెల్లగానే ఉన్నాయి."

నిజమే. ఆ వారమే కొత్త సబ్బు పొడి కొన్నాను, తగ్గింపు ధర అని.

"వెనకున్నది. నాలిక మీద నాలుగు పలుకులు వేసుకుని చూడు. ముందు నువ్వు చూడు."

ఏమీ వినబడలేదు. పెద్ద వంటాయన స్టోరు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. నాలుగు వందల మందికి లెక్క తప్పకుండా పెట్టేదాన్ని, నా ఇంట్లో చక్కెర ఏదో సబ్బేదో తెలియకుండా చేసి వచ్చాను.

"తియ్యగానే ఉందమ్మా" అంది పిచ్చుక.

"నీళ్లలో కలుపు. తల ఎత్తి పట్టుకో. కొంచెం కొంచెంగా. మింగుతోందా?"

"కారిపోతోంది... ఆగు... మింగింది. మింగుతోందమ్మా."

పెద్ద వంటాయన నా చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు. "బయటికెళ్లే బస్సేదైనా ఎక్కు. నడు" అన్నాడు.

క్లినిక్‌లో అత్తగారు బెంచీ మీద కూర్చుని ఉంది, ఎవరో మనిషిని మడతపెట్టి పెట్టినట్టు. తెలివొచ్చింది. నన్ను చూసి మొదటిమాటగా, "పని మధ్యలో వచ్చేశావా? జీతం కోస్తారే" అంది.

నర్సు ఆవిడని కాటా ఎక్కించింది. పాత కార్డు తీసి చూసింది, మళ్లీ ముల్లు చూసింది, మళ్లీ కార్డు చూసింది.

"రెండు నెలల క్రితం యాభై ఎనిమిది. ఇప్పుడు యాభై ఒకటి." నర్సు నావైపు తిరిగింది. "మాత్రలు వేళకి వేసుకుంటున్నారా?"

"ఒక్కటి కూడా మానలేదమ్మా" అంది అత్తగారు గర్వంగా. "డబ్బు పోసి కొన్నవి."

"మరి భోజనం?"

"శుభ్రంగా తింటున్నా."

"తినేవాళ్లు ఏడు కిలోలు తగ్గరు. మాత్ర వేసుకుని తినకపోతే ఇలాగే పడిపోతారు. మరోసారి పడితే లేపడానికి ఆ పిల్ల పక్కనుండదు" అంది నర్సు. ఆ మాట అత్తగారితో అంది కానీ నాకు తగిలింది.

ఇంట్లో ఉప్పూ పప్పూ తూచాను, ఉల్లిపాయలు తూచాను, మిగిలిన మెతుకులు తూచాను. మనుషుల్ని తూచలేదు.

ఇంటికొచ్చేసరికి వంటిల్లు యుద్ధభూమిలా ఉంది. డబ్బాలన్నీ నేలమీద. సబ్బు పొడీ చక్కెరా కలిసిపోయి చీమలు ఎటు పోవాలో తెలియక తిరుగుతున్నాయి. అత్తగారు తన గదిలోకెళ్లి మంచం కింద సంచి బయటికి లాగింది. బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

"ఏంటత్తయ్యా అది?"

"పెద్దాడికి చిన్నాడు ఫోన్ చేశాడుగా. సాయంత్రం వస్తాడు. మాటంటే మాట."

"ఎందుకు తినలేదు మీరు?"

ఆవిడ దుప్పటి మడత విప్పి మళ్లీ పెట్టింది.

"బావగారన్న మాట విని, ఇంట్లో ఒక మనిషి ఎక్కువని తినడం మానేశారా? నేను అన్నానా ఆ మాట? ఎప్పుడైనా అన్నానా?"

"నీకంత వెర్రి ఎందుకే" అంది ఆవిడ, విసుగ్గా. "ఆ మాటకి నేనెందుకు మానేస్తాను? నువ్వు తింటావని ఉంచాను."

నాకర్థం కాలేదు.

"కడుపు నిండిన మనిషి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా రెండు గ్లాసుల నీళ్లు గడగడా తాగదు. నువ్వు తూకం మొదలుపెట్టకముందే చూశాను. పదకొండేళ్లు క్యాంటీన్‌లో తిన్నదానివి, రోజూ ఏదో ఒక వంక పెట్టేదానివి. ఇవాళ పప్పు ఉడకలేదనో, వంటాయన కారం గుప్పించాడనో. ఉన్నట్టుండి ఏ వంకా లేదు. తిననిదానికి వంకేం పెడతావు?" ఆవిడ మంచం అంచున కూర్చుంది. "అడిగితే అబద్ధమాడతావు. సరే, గిన్నెలో ఉంటే తింటుందిలే అని నా ముద్దలోంచి తీసి ఉంచాను. నువ్వు తినవు. తూస్తావు. తూచి గోడకి రాస్తావు. మర్నాడు ఇంకా తక్కువ వండుతావు. ఇంకా తక్కువలోంచి ఇంకాస్త తీసి పెట్టాలి కదా నేను? ఎన్నాళ్లని తియ్యను? నీ త్రాసుతో నేను పోటీ పడలేకపోయానే అమ్మాయ్."

నేను గోడకి ఆనుకున్నాను. సుద్దగళ్లన్నీ కళ్లముందు కదిలాయి. నూటయాభై, నూటముప్ఫై, నూటనలభై. ఒక్కో అంకె ఒక్కో రోజు ఆవిడ నా కోసం తీసి పెట్టిన ముద్ద. దాన్ని చూపించి మా ఆయన దగ్గర గొప్పలు చెప్పుకున్నాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "పొద్దున్నే అది తిన్నది నేను" అన్నాడు. "మీ ఇద్దరిదీ నేనే తిన్నాను. పశువులాగా." పిచ్చుక, "మీరు ముగ్గురూ ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకుని, నాతో సబ్బు పొడి నాకించారు" అని ముక్కు తుడుచుకుంది. అత్తగారికి నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం బావగారు వచ్చారు. సంచి గుమ్మం పక్కన ఉంది. ఆయన దాన్ని చూశారు, తల్లిని చూశారు. ఆవిడ లేచి నిలబడింది. నిలబడ్డానికి కుర్చీ పట్టుకుంది.

"మాట ప్రకారం తీసుకెళ్తా" అన్నారాయన.

కాదనడానికి నా దగ్గర ఏముంది? చూసుకుంటానని చెప్పి, కళ్లముందే ఏడు కిలోలు పోగొట్టాను. కానీ ఆ నాలుగో అంతస్తులో పదకొండు గంటలకి ఆవిడకి చెమటలు పడితే చక్కెర డబ్బా వెతకడానికి పిచ్చుకైనా ఉండదు. అందుకే అన్నాను.

"ఆవిడని తీసుకెళ్లొద్దు బావగారూ. బియ్యం పంపండి."

ఆయన నావైపు చూశారు.

"ఆ రోజు మీరిస్తానన్నారు, నేను పొగరుకి పోయి వద్దన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. బియ్యం, నూనె. ఫ్యాక్టరీ మళ్లీ నడిచేదాకా. ఆవిడకి ఏది తక్కువైనా తప్పు నాదే, కానీ ఆవిడ ఇక్కడే ఉండాలి."

వీధిలో ఒక బండి వెళ్లింది, ఇంకో బండి వెళ్లింది.

"బియ్యం పంపిస్తా. అదేం లెక్క కాదు" అన్నారు బావగారు చివరికి. "కానీ నాకు భయంగా ఉందమ్మా. పస్తు ఉంటే చెప్పే మనిషి కాదు మా అమ్మ. నువ్వూ చెప్పవు. ఇంట్లో ఏం జరుగుతోందో నాకెలా తెలుస్తుంది? ఒక్క నెల. నెల తర్వాత అదే క్లినిక్‌లో నా ఎదురుగా కాటా ఎక్కించండి. కనీసం రెండు కిలోలు పెరగాలి. యాభై మూడు. లేదంటే ఈ సంచి అట్నుంచి అటే బండెక్కుతుంది."

సంచి విప్పొద్దని అత్తగారే అంది. అది అలాగే గుమ్మం పక్కన ఉండిపోయింది. వస్తూ పోతూ కాలికి తగిలేది.

ఆ మర్నాటి నుంచి నేను క్యాంటీన్‌లో తినడం మొదలుపెట్టాను. మొదటి రోజు పెద్ద వంటాయన తనే కంచం తెచ్చి స్టోరులో పెట్టాడు. "మిగిల్చావంటే రేపట్నుంచి నీకు సగం కోస్తా" అన్నాడు. ఇంట్లో భోజనం ఏడున్నరకి మార్చాం. అందరం కూర్చున్నాకే, అత్తగారు మాత్ర వేసుకున్నాకే, వడ్డన. గిన్నెలో మిగలకుండా నాలుగు కంచాల్లోనూ పెట్టేసేదాన్ని. పిచ్చుక ఇద్దరి మధ్య కూర్చుని కాపలా కాసేది.

"నానమ్మా, ఆ ముద్ద ఎక్కడికి పోతోంది?"

"నీ కంచంలోకే."

"వెనక్కి తీసుకో. అమ్మా, నువ్వు నవ్వకు, నీ కంచం కూడా చూస్తున్నా. ఇద్దరూ దొంగలే."

సుద్దగళ్లు తుడిచేశాను. అయినా అత్తగారి చెయ్యి నోటిదాకా వెళ్తుంటే నా కళ్లు దాని వెంటే వెళ్లేవి. ఒక్కోసారి ఆవిడ సగంలో ఆగి, "తినిపించుకోవడం కంటే చూపించుకోవడం కష్టంగా ఉందే" అనేది. రెండు నెలలు ముడుచుకున్న కడుపు ఒక్కసారిగా తెరుచుకోలేదు. రెండు ముద్దలు ఎక్కువైతే ఆయాసపడేది. మూడో వారానికి కూడా దారం ఉంగరం మీద అలాగే ఉంది. నాకు నిద్ర పట్టేది కాదు. ఫ్యాక్టరీ గురించి కాదు, డబ్బాల గురించి కాదు. యాభై మూడు.

నెల నిండిన రోజు పొద్దున పప్పు తూద్దామంటే కిలో రాయి కనబడలేదు.

"పిచ్చుకా, మళ్లీ తలుపుకి అడ్డం పెట్టావా?"

"నేను ముట్టుకోలేదమ్మా."

వెతికే వేళ లేదు. అరకిలో రాయితో రెండుసార్లు తూచి గబగబా పొయ్యి మీద పెట్టాను. బావగారు పదింటికి క్లినిక్‌కి వస్తానన్నారు. మా ఆయన ఆ సంచి కూడా పట్టుకున్నాడు, మాటంటే మాట కాబట్టి. అత్తగారు శాలువా కప్పుకుని వచ్చింది. ఎండ కాస్తోంది.

"శాలువా ఎందుకత్తయ్యా, ఉక్కపోస్తుంది."

"చలిగా ఉందే" అని అంచులు పొట్ట దగ్గర గట్టిగా పట్టుకుంది.

నర్సు కార్డు తీసింది. బావగారు కాటాకి ఒక అడుగు దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. అత్తగారు కాటా ఎక్కింది. ముల్లు ఊగి ఊగి యాభై నాలుగు దగ్గర ఆగింది.

మా ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. బావగారి మొహం విప్పారింది. నేను అత్తగారి చేతులు చూశాను. శాలువా అంచు ఒక పక్క కిందికి వేలాడుతోంది. ఏ గుడ్డా దానంతటది అలా వేలాడదు. పదకొండేళ్లుగా బస్తాల అడుగున వ్యాపారులు దాచిన రాళ్లు పట్టుకున్నదాన్ని నేను.

ఆవిడ నన్నే చూస్తోంది. చిన్నపిల్ల కళ్లు. నోరు మూసుకోవే అంటున్నాయి.

మూసుకుంటే అయిపోయేది. సంచి ఇంటికొచ్చేది. కానీ రెండు నెలలు మా గిన్నె అబద్ధం చెప్పింది, నేను నమ్మాను. కాటా కూడా అబద్ధం చెబితే, ఆవిడ మళ్లీ పడిపోయేదాకా నాకేం తెలుస్తుంది?

"శాలువా ఇలా ఇవ్వండత్తయ్యా. మొయ్యలేకపోతున్నారు" అన్నాను.

ఆవిడ పెదాలు బిగించింది. తర్వాత నెమ్మదిగా వదిలింది. శాలువా నా చేతిలోకి వచ్చింది, అంచులో ముడి, ముడిలో కిలో రాయి. రెండు చేతులతో పట్టుకున్నాను, ఎవరికీ చప్పుడు వినబడకుండా.

ముల్లు దిగింది. యాభై మూడు గీతకి వచ్చింది, దాటింది, కాస్త ఊగింది. గీతకి వెంట్రుకంత కింద ఆగిపోయింది.

నర్సు వంగి చూసి, కలం పట్టుకుని, "యాభై రెండు..." అని మొదలుపెట్టింది.

బావగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని ముల్లుకేసి చూశారు, నా చేతిలో వేలాడుతున్న శాలువాకేసి చూశారు. ఆయనకి తెలిసిపోయిందని నాకు తెలిసింది. ఒక బస్సు వెళ్లేంతసేపు ఆగారు.

"యాభై మూడమ్మా. రాసుకోండి" అన్నారు నర్సుతో. "నేను చూశాను. యాభై మూడే."

యాభై గ్రాములు కూడా వదలని గ్రాములమ్మని, నేను నోరు మెదపలేదు. నర్సు రాసింది.

అత్తగారు కాటా దిగి నా భుజం పట్టుకుంది. "నా పరువు తీశావు కదే" అంది చెవిలో. "ఇంటికెళ్లి మాత్ర వేసుకోవాలి. త్వరగా నడు, ఆకలేస్తోంది."

మా ఆయన సంచి భుజానికెత్తుకుని ఇంటివైపు ముందు నడిచాడు.